కూర్చున్నవారికే గంటలు

సాలూరు బైపాస్ పక్కన, లారీ బాడీలు కట్టే రెండు షెడ్ల మధ్య ఉన్న వ్యాయామశాలకి జనవరి మొదటి సోమవారం ఒక ఉత్తరం వచ్చింది. పంపినవారు రాష్ట్ర శరీర శిక్షకుల ధ్రువీకరణ మండలి. ఉత్తరం మూడు పేజీలు. విషయం ఒక వాక్యం.

"ఇందుమూలముగా గొర్లె తవిటినాయుడు అను శిక్షకునికి తెలియజేయునది ఏమనగా, తమరి శిక్షక ధ్రువపత్రము గడువు నేటి నుండి తొంబది దినములలో ముగియుచున్నందున, ఈలోగా తమరు అరువది గంటల నిరంతర విద్య ఆర్జించనిచో, తదుపరి దినము నుండి తమరు ఇతరుల చేత ఒక్క బస్కీ తీయించుట కూడ శిక్షార్హము."

తవిటినాయుడు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆయనకి యాభై ఒక్క ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా సాలూరు వాళ్ళ చేత దండీలూ బస్కీలూ తీయిస్తున్నాడు. తీయించడానికి ఎవరి అనుమతి కావాలన్న ఆలోచన మొదటి ఇరవై రెండేళ్ళు ఎవరికీ రాలేదు. తర్వాత మండలికి వచ్చింది.

గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలితో లెక్కపెట్టాడు. తొంభయ్యో రోజు ఏప్రిల్ అయిదు.

"ఏటైంది మాస్టారూ?" అంది గౌరీశ్వరి, తాడాట ఆపకుండానే.

ముద్దాడ గౌరీశ్వరి పక్క షెడ్డులో లారీల మీద అక్షరాలు రాస్తుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష రెండుసార్లు నెగ్గింది. పరుగులో క్రితంసారి పోయింది. పదహారు వందల మీటర్లు పది నిమిషాల ముప్ఫై సెకన్లలో పరిగెత్తాలి. ఆమెకి పది నిమిషాల ముప్ఫై నాలుగు సెకన్లు పట్టింది. ఈ ఏడాదితో వయసు పరిమితి దాటిపోతుంది. పరుగు ఏప్రిల్ తొమ్మిదిన.

మండలి పట్టుబట్టి పెట్టించిన కొత్త నిబంధన ప్రకారం, పరిగెత్తే ప్రతి అభ్యర్థి వెంటా గడువు తీరని ధ్రువపత్రం ఉన్న శిక్షకుడు మైదానానికి స్వయంగా రావాలి. సాలూరులో అలాంటి శిక్షకుడు ఒక్కడే. అతని గడువు పరుగుకి నాలుగు రోజుల ముందు తీరిపోతుంది.

"పోయినసారి నాలుగు సెకన్లు. ఈసారి నాలుగు రోజులు. ఈ నాలుగు నన్నొగ్గదా మాస్టారూ?" అంది గౌరీశ్వరి.

"అరవై గంటలే కదమ్మా. వినీసి వచ్చేస్తాను" అన్నాడు తవిటినాయుడు.

మండలితో ఆయనకి అదే మొదటి పేచీ కాదు. ఎనిమిదేళ్ళ క్రితం ధ్రువపత్రం సంపాదించడానికి విశాఖపట్నం వెళ్ళి మూడు గంటల రాతపరీక్ష రాశాడు. మొదటి ప్రశ్న: "బస్కీ అనగానేమి? అయిదు వాక్యములలో వివరింపుము." ముందు మోకాలు వంగుతుందా, నడుమా అన్నది కచ్చితంగా రాయాలనిపించి, బల్ల పక్కన నిలబడి ఒకటి తీశాడు. చూసి రాస్తున్నాడని పర్యవేక్షకుడు పట్టుకున్నాడు. "ఎక్కడ చూసి రాశాను బాబూ?" అని అడిగితే, "మీ శరీరంలోంచి" అన్నాడు. అయిదు మార్కులు కోసేశారు. మిగిలిన ప్రశ్నలకి కదలకుండా సమాధానాలు రాసి నలభై ఒక్క మార్కులతో గట్టెక్కాడు. ఆ పత్రాన్ని అద్దం కట్టించి, మూలనున్న సంగిడి రాయికి పైన గోడకి తగిలించాడు.

సంగిడి అంటే ఎత్తడానికి పిడి తొలిచిన రాయి. ఆ వైపు పల్లెల్లో పండగలకి దాన్ని ఎత్తే పోటీలు పెడతారు. ఈ రాయి తవిటినాయుడి తండ్రి ఎత్తినది. బరువు నూట రెండు కిలోలు. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా సంక్రాంతి దాటినా దాని మీద అలాగే ఉంటాయి.

*

నిరంతర విద్య మొదటి తరగతి జనవరి ఇరవైన విశాఖపట్నంలో జరిగింది. విషయం "అతిగా కూర్చొనుట వలన కలుగు అనర్థములు". వ్యవధి పది గంటలు. రెండు వందల మంది శిక్షకులు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. మండలి సభ్య కార్యదర్శి స్వయంగా పాఠం చెప్పారు. కూర్చోవడం వల్ల వెన్ను, మెడ, గుండె, కాలేయం ఏమవుతాయో తెర మీద ఒక్కొక్కటే చూపించారు. ఇరవయ్యో నిమిషంలో తెర మీద ఒక వాక్యం వచ్చింది: "ప్రతి ఇరువది నిమిషములకు ఒకసారి లేచి నిలబడుడు."

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు.

గోడ పక్కనున్న గుమస్తా వచ్చి ఆయన కుర్చీ నంబరు రాసుకున్నాడు. "మీరు గైర్హాజరు" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను కదండీ."

"నిలబడి ఉన్నారు. హాజరు కుర్చీకి."

"తెర మీద నిలబడమన్నారు బాబూ."

సభ్య కార్యదర్శి పాఠం ఆపారు. కోపం తెచ్చుకోలేదు. "అది పాఠం. ఇది నిబంధన. రెంటినీ కలపకండి" అన్నారు. తర్వాత సభకంతటికీ వివరించారు. "నిలబడినవాడు వింటున్నాడనుటకు శాస్త్రీయ ఆధారము లేదు. కూర్చున్నవాడు కనీసం ఉన్నాడు. విద్యకు ప్రాథమిక కొలమానం ఉండటమే."

తవిటినాయుడి ఖాతాలో ఇరవై నిమిషాలు పడ్డాయి. అయితే ఆ సాయంత్రానికి మండలికి ఇంకో చిక్కు తెలిసింది. రెండు వందల కుర్చీల్లో చివరిదాకా నిండి ఉన్నవి నూటపదిహేను మాత్రమే. మిగతా వాళ్ళు సంతకాలు పెట్టి టీకి వెళ్ళిపోయారు. శిక్షకులు స్వభావసిద్ధంగా కదిలే జాతి అనీ, వారిని కూర్చోబెట్టడానికి సాంకేతిక పరిజ్ఞానం అవసరమనీ మండలి తీర్మానించింది.

వారం తిరక్కుండా రాష్ట్రంలోని శిక్షకులందరికీ పార్శిళ్ళు వచ్చాయి. ఒక్కో దాంట్లో ఒక నల్లటి పరుపుముక్క, దానికి తోకలాగా ఒక వైరు, పక్కన అగ్గిపెట్టెంత స్పీకరు. పేరు విద్యాసనం. దాని మీద కూర్చుంటే పచ్చదీపం వెలుగుతుంది, స్పీకరులోంచి సభ్య కార్యదర్శి గొంతు పాఠం చెబుతుంది, గంటలు విశాఖపట్నంలోని కంప్యూటరులో పడతాయి. లేస్తే ఆ గంట రద్దు. పుస్తకాల సంచీ పెట్టి మోసం చేయకుండా యాభై కిలోలకి తక్కువ బరువును అది పట్టించుకోదు.

అరకులో ఒక శిక్షకురాలు నలభై ఏడు కిలోలుండి దీపం వెలగక, ఒళ్ళో అయిదు కిలోల డంబెల్ పెట్టుకుని కూర్చుంది. ఆమె ఆర్జించిన విద్యలో పదో వంతు డంబెల్‌కి చెందుతుందా అన్న అంశం మండలి పరిశీలనలో ఉందని తర్వాతి సర్క్యులర్‌లో రాశారు. అది చదివి అందరూ నవ్వారు. తవిటినాయుడు కూడా నవ్వాడు.

*

తవిటినాయుడికి కూర్చోవడం రాదు. ఈ సంగతి ఆయనకే అప్పటిదాకా తెలీదు. అన్నం నిలబడే తినేవాడు, పేపరు తిరుగుతూ చదివేవాడు. విద్యాసనం మీద పదిహేను నిమిషాలు గడిచేసరికి కాళ్ళు వాటంతటవే లేచేవి. మూడు వారాల్లో ఇరవైసార్లు కూర్చుంటే గట్టెక్కినవి రెండు గంటలు.

ఆయన కూర్చున్న వేళల్లో గౌరీశ్వరి షెడ్ల వెనక లారీలు ఆపే జాగాలో ఒంటరిగా పరిగెత్తేది. అంతకుముందు ఆయన గడియారం పట్టుకుని ఆమె పక్కనే పరిగెత్తేవాడు. మూడో చుట్టులో ఆమె ఊపిరి బిగబడుతుంది. అప్పుడు పక్కనుంచి "వదులు, వదులు" అంటూ ఉండాలి. ఇప్పుడు అదే మాట కిటికీలోంచి అరుస్తున్నాడు. లారీల హారన్లలో ఆమెకి వినబడటం లేదు. జనవరిలో పది నిమిషాల నలభై సెకన్లున్న పరుగు ఫిబ్రవరికి పదకొండు నిమిషాల అయిదు సెకన్లయింది.

"నాను ముప్పైయేళ్ళు కూర్చున్నాను నాయుడూ. రాయపూరు దాకా కూర్చున్నాను, కలకత్తా దాకా కూర్చున్నాను. నాకొక్క పత్రం ఇచ్చినోడు లేడు" అన్నాడు అప్పన్న.

చుక్క అప్పన్న లారీ డ్రైవరుగా చేసి మానేసినవాడు. స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని నడుం పోతే, దాన్ని బాగుచేసుకోడానికి నాలుగేళ్ళుగా ఈ వ్యాయామశాలకి వస్తున్నాడు. తవిటినాయుడికి వరసకి బావ అవుతాడు. లేకపోయినా అలాగే పిలిపించుకునేవాడు.

"ఊరుకో బావా. యాభై రెండో నిమిషం నడుస్తోంది" అన్నాడు తవిటినాయుడు పరుపు మీంచి.

అప్పుడే కిటికీ అవతల గౌరీశ్వరి మడమ మెలికపడి కంకర మీద పడింది.

తవిటినాయుడు ఎప్పుడు లేచాడో ఆయనకే తెలీదు. ఆమె దగ్గరికి పరిగెత్తాక వెనకనుంచి స్పీకరు మాట వినిపించింది: "తమరు లేచినారు. గంట రద్దయినది."

మడమకి పెద్ద దెబ్బ కాదు. గుడ్డ చుట్టి, ఆమెని నడిపించుకుంటూ లోపలికి వచ్చేసరికి, పచ్చదీపం మళ్ళీ వెలుగుతోంది. పరుపు మీద సంగిడి రాయి కూర్చుని ఉంది. దాని పక్కన అప్పన్న నడుం పట్టుకుని రొప్పుతున్నాడు.

"ఎత్తలేదు. దొర్లించీసినాను" అన్నాడు.

"తీసీ బావా. తప్పు" అన్నాడు తవిటినాయుడు.

"తమరి శ్రద్ధ ప్రశంసనీయము" అంది స్పీకరు.

తవిటినాయుడు వంగి పిడి పట్టుకున్నాడు. ఎత్తడం ఆయనకి క్షణం పని. ముప్ఫై ఏళ్ళలో ఎవరి లెక్కలోనూ ఒక దండీ ఎక్కువ రాయలేదు, ఒకటి తక్కువ రాయలేదు. గౌరీశ్వరి బల్ల మీద కూర్చుని మడమ ఒత్తుకుంటోంది. ఆమె రాయిని చూళ్ళేదు, ఆయన్నే చూసింది.

"అది అక్కడుంటే మీరు నాతో పరిగెడతారు కదా మాస్టారూ" అంది.

ఆయన పిడి వదిలేశాడు.

*

సంగిడి రాయి శుక్రవారం ఉదయం ఏడున్నరకి కూర్చుంది. శుక్రవారమంతా కూర్చుంది. శనివారం కూర్చుంది. ఆదివారం వ్యాయామశాలకి సెలవైనా కూర్చుంది. భుజం అటూ ఇటూ మార్చలేదు, ఆవలించలేదు, మధ్యలో ఫోను తీయలేదు. అరవై గంటలయ్యాక దించేద్దామనుకున్న తవిటినాయుడు ఆ సంగతి మరిచిపోయాడు, ఎందుకంటే సోమవారం ఉదయం గౌరీశ్వరి పది నిమిషాల నలభై ఎనిమిదికి వచ్చింది.

విశాఖపట్నంలో మాత్రం ఎవరూ మరిచిపోలేదు. అక్కడి కంప్యూటరు ప్రతి శిక్షకుడి బరువునీ క్షణక్షణం గీతగా గీస్తుంది. మనుషుల గీతలు వణుకుతాయి. సాలూరు గీత రూళ్ళకర్రతో గీసినట్టుంది. సభ్య కార్యదర్శి దాన్ని పెద్దది చేయించి గోడకి అంటించారు. కింద రాయించారు: "ఏకాగ్రత."

మంగళవారం ఒక కారు వచ్చింది. అందులోంచి ప్రాంతీయ ఆసన పరిశీలకులు మృత్యుంజయం గారు దిగారు. చేతిలో శాలువా, వెనక ఫొటోగ్రాఫరు.

"ఆ మహానుభావుడెక్కడ?" అన్నారు గుమ్మంలోనే.

"ఎవరండీ?"

"తవిటినాయుడు గారు."

"నేనేనండి."

మృత్యుంజయం గారు ఆయన్ని పైనుంచి కిందికి చూశారు. తర్వాత తన ఫోను చూసుకున్నారు. "తమరు నిలబడి ఉన్నారు" అన్నారు.

"అవునండి."

"మా దగ్గర తమరు కూర్చుని ఉన్నారు. తొంభై తొమ్మిది గంటల పది నిమిషాలుగా. ఇప్పుడు కూడా." ఆయన ఫోను తిప్పి చూపించారు. రెంటిలో దేన్ని నమ్మాలో ఆయన ముఖంలో తెలిసిపోతోంది. నమ్మింది ఫోనునే.

తవిటినాయుడు పక్కకి జరిగాడు. మూలన పరుపు మీద, పసుపూ కుంకుమలతో సంగిడి రాయి కనిపించింది. మృత్యుంజయం గారు ముందు బూట్లు విప్పారు. తర్వాతే పరుపు చూశారు, పచ్చదీపం చూశారు.

"కూర్చున్నది ఎవరు?"

"అదేనండి. రాయి. తప్పయిపోయింది. ఆ గంటలు కొట్టీయండి. మళ్ళీ నేనే కూర్చుంటాను."

"పెట్టింది నానండి. ఆయన తప్పేటీ లేదు" అన్నాడు అప్పన్న.

మృత్యుంజయం గారు ఆలోచించారు. గంటలు కొట్టేయడానికి కంప్యూటరులో వీలు లేదు. రాష్ట్ర రికార్డని అప్పటికే ప్రకటన వెళ్ళిపోయింది. శాలువాకి రశీదు రాసేశారు, వెనక్కి తీసుకెళితే ఏ ఖాతాలో చూపించాలో నిబంధనల్లో లేదు. ఆయన ముందుకెళ్ళి శాలువా రాయికి కప్పారు. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు.

"తదుపరి ఉత్తర్వుల వరకూ ఆ గంటలను ఎవరూ కదల్చరాదు. గురువారం విచారణ. ఇద్దరూ హాజరు కండి" అన్నారు.

"నేనూ, మా బావానా?"

"తమరూ, కూర్చున్నవారూ."

*

గురువారం తవిటినాయుడు రాయిని భుజాన వేసుకుని మండలి కార్యాలయం రెండో అంతస్తుకి ఎక్కాడు. సభ్య కార్యదర్శి బల్లకి అటువైపు ఉన్నారు. ఇటువైపు రెండు కుర్చీలు. ఒకదాంట్లో రాయిని పెట్టి, తవిటినాయుడు నిలబడ్డాడు.

"చూడండి, గంటలు ఎవరు కూర్చుంటే వారివి. బదిలీ కావు. ఇది మండలికి పునాది. కాబట్టి ఈ గంటలు మీవి కావు" అన్నారు సభ్య కార్యదర్శి.

"నావి కావనే చెబుతున్నానండి. రద్దు చెయ్యండి."

"రద్దు చేయాలంటే కారణం రాయాలి. ఏమని రాయను? రాయికీ శిక్షకుడికీ తేడా విద్యాసనానికి తెలియలేదని రాయనా? అలా రాస్తే నాలుగు వేల మంది శిక్షకుల గంటలు అనుమానంలో పడతాయి. మండలి పొరబడిందా, లేక రాయి చదివిందా? రెంటిలో ఒకటి నిజం కావాలి. మొదటిది తేల్చే అధికారం మాకు లేదు."

"బాబూ, అది రాయండి."

"నిబంధన చదువుతాను వినండి. 'యాబది కిలోలకు తగ్గక, అరువది గంటలు ఆసీనమైనచో ధ్రువీకరణకు అర్హత కలుగును.' ఇందులో మనిషి అని లేదు. రాయాల్సి వస్తుందని మేం అనుకోలేదు."

తవిటినాయుడు ముప్ఫై ఏళ్ళలో ఎన్నో బరువులెత్తాడు. ఈ వాక్యాన్ని ఎక్కడ పట్టుకుని ఎత్తాలో ఆయనకి తెలియలేదు.

దరఖాస్తు ఫారం అక్కడికక్కడే నింపారు. పేరు: సంగిడి. తండ్రి పేరు దగ్గర గుమస్తా ఆగితే, చెక్కినవాడి పేరు రాయమన్నారు. పుట్టుమచ్చలు: కుడివైపు పెచ్చు ఊడినది, పిడి దగ్గర గీత. మండలి వైద్యుడు వచ్చి పట్టీ చుట్టి చూసి, రక్తపోటు లేదనీ, మధుమేహం లేదనీ, పొగాకు అలవాటు లేదనీ, ఇటీవలి కాలంలో ఇంత నిలకడైన అభ్యర్థిని చూడలేదనీ రాశాడు. మౌఖిక పరీక్షలో సభ్య కార్యదర్శి మూడు ప్రశ్నలడిగారు. తప్పు జవాబుకి మార్కు కోత ఉంటుంది. రాయికి ఒక్క మార్కు కూడా కోత పడలేదు.

"మరి నా సంగతి?" అన్నాడు తవిటినాయుడు.

"తమరికి రెండు గంటల ఇరవై నిమిషాలున్నాయి. అవి భద్రంగా ఉంటాయి."

"పోలీసు పరుగుకెళ్ళే పిల్ల ఒకర్తి ఉందండి. నేను లేకపోతే..."

"తమరు ఉండొచ్చు. ధ్రువీకృత శిక్షకుని పర్యవేక్షణలో సహాయకులు పనిచేయవచ్చును. సహాయకునికి ఏ అర్హతా అక్కరలేదు. శిక్షకుడు మాత్రం శిక్షణ స్థలంలో స్వయంగా ఉండాలి."

తిరుగు బస్సులో తవిటినాయుడు రాయిని సీటులో కూర్చోబెట్టి, తను పక్కన నిలబడ్డాడు.

*

ఏప్రిల్ అయిదు దాకా ఆగడం ఎందుకని, ఆ వారమే తన పాత పత్రం దించి, రాయి పేర వచ్చిన కొత్తదాన్ని అద్దం కట్టించి తగిలించాడు. గౌరీశ్వరి లారీ నంబర్లు రాసే కుంచెతో రాయి మీద తెల్లరంగులో "శిక్షకుడు" అని రాసి, కింద ధ్రువపత్రం సంఖ్య వేసింది.

రోజూ తెల్లవారి అయిదింటికి తవిటినాయుడు శిక్షకుణ్ణి భుజాన వేసుకుని లారీలు ఆపే జాగాకి తీసుకెళ్ళి గట్టు మీద పెట్టేవాడు. ఏడున్నరకి మళ్ళీ మోసుకొచ్చేవాడు. అప్పన్న ఎదురొచ్చి, "నమస్కారం మాస్టారూ" అని రాయికి దండం పెట్టి, "ఏటి నాయుడూ, అసిస్టెంటు ఉద్యోగం బాగుందా?" అనేవాడు.

"నీ నడుం సరిగా వంచు బావా."

"నువ్వు సెప్తే నానెందుకు వంచాలి? ఆరిని సెప్పమను."

పరుపు గొడవ లేదు కనుక తవిటినాయుడు మళ్ళీ గౌరీశ్వరి పక్కనే పరిగెత్తాడు. మూడో చుట్టులో "వదులు, వదులు" అన్నాడు. మార్చి మూడో వారానికి ఆమె పది నిమిషాల ముప్ఫై మూడుకి చేరింది. అక్కడ ఆగింది. ఆ మూడు సెకన్లు ఎటూ కరగలేదు.

ఈలోగా సంగతి పాకింది. మార్చి నెలాఖరుకి ఆ చుట్టుపక్కల ధ్రువీకృత రాళ్ళు పదకొండయ్యాయి. బొబ్బిలిలో ఒక రుబ్బురోలు నలభై ఎనిమిది కిలోలే ఉండి అర్హత పొందలేదు. పొత్రంతో కలిపి మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంది. శిక్షకుల సగటు ఆసన గంటలు పెరిగాయని మండలి నివేదిక విడుదల చేసింది. శిక్షకుల గాయాలు, సెలవులు, ఫిర్యాదులు తగ్గాయని కూడా అందులో ఉంది. ఆ లెక్కలన్నీ నిజమే.

*

ఏప్రిల్ తొమ్మిదిన మైదానం గేటు దగ్గర ఒక అధికారి జాబితా పట్టుకుని నిలబడ్డాడు.

"ముద్దాడ గౌరీశ్వరి. శిక్షకుడెక్కడ?"

గౌరీశ్వరి తవిటినాయుడి భుజం వైపు చూపించింది. అధికారి ధ్రువపత్రం తీసుకుని, రాయి మీది సంఖ్యతో సరిచూశాడు. పెచ్చు ఊడినచోటూ, పిడి దగ్గర గీతా చూశాడు. తృప్తిపడ్డాడు.

"శిక్షకుడు లోపలికి రావచ్చు. సహాయకుడు బయట ఉండాలి."

"నేను రాకపోతే ఆయన ఎలా వస్తాడండీ?"

"అది శిక్షకుడి బాధ్యత."

నలుగురు కానిస్టేబుళ్ళని పిలిచారు. ఇద్దరు పిడి పట్టుకున్నారు, ఇద్దరు కింద చేతులు పెట్టారు. రాయి మోకాలి దాకా లేచి కిందికి దిగింది. ఒకాయన బొటనవేలు త్రుటిలో తప్పించుకుంది. వెనక నూట ఎనభై మంది అమ్మాయిలు లైన్లో ఎండకి నిలబడి ఉన్నారు. అధికారి జేబులోంచి ఒక పసుపురంగు చీటీ తీసి తవిటినాయుడికి ఇచ్చాడు. దాని మీద "సామాను చేర్చువారు - పది నిమిషములు" అని ఉంది.

తవిటినాయుడు శిక్షకుల పందిట్లో ఒక కుర్చీ మీద రాయిని పెట్టాడు. గౌరీశ్వరి బూటు ముడి ఒకసారి చూశాడు. విప్పి మళ్ళీ కట్టాడు.

"భయమేస్తోంది మాస్టారూ."

"మూడో చుట్టులో నా మాట వినిపిస్తుంది. గోడవతల మన లారీ ఉంటుంది, అటు చూడు."

పది నిమిషాలు కాకముందే ఆయన్ని బయటికి పంపేశారు.

ప్రహరీ పక్కన అప్పన్న ఒక లారీ ఆపి ఉంచాడు. ఎవరిదో అడిగి తెచ్చింది. తవిటినాయుడు క్యాబిన్ పైకెక్కి నిలబడ్డాడు. గడియారం నొక్కాడు.

మొదటి చుట్టు రెండు నిమిషాల ముప్ఫై నాలుగు. రెండోది అయిదు నిమిషాల పది. మూడో చుట్టు మలుపులో ఆమె భుజాలు చెవుల దాకా లేచాయి. ఊపిరి బిగబట్టిందని దూరం నుంచే ఆయనకి తెలిసింది.

"వదులు!" అని అరిచాడు. మైదానంలో మైకు మోగుతోంది. ఆమె తల తిప్పలేదు.

"వదులు గౌరీ! వదులూ!"

వినిపించలేదు. అప్పన్న స్టీరింగు దగ్గరికి వెళ్ళి హారను మీద చెయ్యి వేశాడు. సాలూరులో ఆమె ప్రతి పరుగూ లారీ హారన్ల మధ్యనే పరిగెత్తింది. రెండు పొడుగు మోతలు మోగేసరికి తల ఇటు తిరిగింది. క్యాబిన్ మీద మనిషి రెండు చేతులూ ఛాతీ దగ్గర పెట్టి బయటికి విసురుతున్నాడు. ఆమె భుజాలు దిగాయి.

గీత దాటినప్పుడు తవిటినాయుడు గడియారం నొక్కాడు. చూడకుండా అప్పన్నకి అందించాడు.

"పది నిముషాల ఇరవై ఆరు. నాలుగు మిగిలిపోనాయి నాయుడూ" అన్నాడు అప్పన్న.

తవిటినాయుడు క్యాబిన్ మీద కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. ఆ కూర్చోవడం ఏ ఖాతాలోనూ పడలేదు.

నెగ్గిన అభ్యర్థి శిక్షకుడితో ఫొటో దిగాలన్నది నిబంధన.

"మా మాస్టార్ని పిలవండి" అంది గౌరీశ్వరి.

"కూర్చునే ఉన్నారుగా" అన్నాడు ఫొటోగ్రాఫరు.

కానీ ప్లాస్టిక్ కుర్చీ కాలు ఒకటి అప్పటికే వంగిపోయి, రాయి జారబోతోంది. పసుపురంగు చీటీ మళ్ళీ బయటికి వచ్చింది. తవిటినాయుడు వచ్చి, ఫొటోలో పడకూడదన్నారు కాబట్టి కుర్చీ వెనక వంగి కూర్చుని, రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. మండలి వార్షిక సంచికలో ఆ ఫొటో అట్ట మీద వేశారు. కుర్చీలో శిక్షకుడు, పక్కన గౌరీశ్వరి. ఆమె చూపు కెమెరా వైపు లేదు, కుర్చీ వెనక్కి ఉంది.

*

మే నెలలో ఒక ఉత్తరం వచ్చింది. గౌరీశ్వరి అప్పటికి శిక్షణ కళాశాలకి వెళ్ళడానికి సంచీ సర్దుకుని, చెప్పి వెళదామని వచ్చింది. ఆమే పైకి చదివింది.

"వార్షిక సంచిక ముఖచిత్రమును నిశితముగా పరిశీలించగా, శిక్షకుని కుడివైపున నాలుగు వ్రేళ్ళు కనబడుచున్నవి. సదరు వ్రేళ్ళు ఎవరివి, అవి ధ్రువీకృతమైనవా కాదా, శిక్షకుని అనుమతితో అక్కడ ఉన్నవా అను విషయములపై పదిహేను దినములలో సంజాయిషీ సమర్పించవలెను."

"ఎవరి పేర వచ్చింది?" అన్నాడు తవిటినాయుడు.

ఆమె కవరు తిప్పి చూసింది. "సంగిడి గారికి."

"అయితే ఆయనే చూసుకుంటాడు."

తవిటినాయుడు ఒక చేత్తో రాయిని పైకెత్తి, ఉత్తరం దాని కింద పెట్టి, మళ్ళీ దించాడు. పదిహేను రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఉత్తరం ఇంకా అక్కడే ఉంది.